అమైన్ల వర్గీకరణ: ఇంటర్ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

కావలిలో ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఉత్తరాన సింగరాయకొండ, ఉలవపాడు నుంచి, దక్షిణాన బిట్రగుంట నుంచి రైలెక్కి వచ్చే పిల్లలు ఎక్కువ. ఆల్కహాళ్లు, ఆల్డిహైడ్లు, ఆమ్లాలు దాటుకుని అమైన్ల (అమోనియా హైడ్రోజన్ల చోట కార్బన్ గుంపులు చేరిన పదార్థాల) దగ్గరికి వచ్చేసరికి ఏటా అదే తడబాటు. బ్యాచీలు మారతాయి, సందేహాలు మారవు. వాటిలో చాలా భాగం ఒకే పొరపాటు నుంచి పుడతాయి: నైట్రోజన్ వైపు చూడాల్సిన చోట కార్బన్ వైపు చూడటం. నల్లబల్ల మీద చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. వరసగా చదవనక్కరలేదు. మీ సందేహం ఏదో వెతుక్కుని ఆ ఒక్క జవాబు చదువుకున్నా చాలు.

## గుర్తుపట్టే దశ

సార్, ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ అని చెప్పడానికి దేన్ని లెక్కపెట్టాలి?

నైట్రోజన్ మీద వేలు పెట్టండి. దానికి నేరుగా అతుక్కున్న కార్బన్లు ఎన్నో లెక్కపెట్టండి. ఒకటైతే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడైతే టెర్షియరీ. అమోనియాలో మూడు హైడ్రోజన్లు ఉంటాయి. ఒకటి తీసి మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల గుంపు) పెడితే మిథైల్ అమైన్, అది ప్రైమరీ. రెండు తీస్తే డైమిథైల్ అమైన్, సెకండరీ. మూడూ తీసేస్తే ట్రైమిథైల్ అమైన్, టెర్షియరీ. అతుక్కున్న గుంపు పొడవెంత, దానికి ఎన్ని కొమ్మలు, అందులో వలయం ఉందా లేదా అన్నవి ఈ లెక్కలోకి రావు.

అమైన్లను ఇలా అమోనియా బిడ్డలుగా చూసే పద్ధతికి దారి వేసినవారు ఇద్దరు. 1849లో ఫ్రాన్సులో వుర్ట్జ్ మిథైల్ అమైన్‌ను, ఇథైల్ అమైన్‌ను పట్టుకున్నారు. ఆ వెంటనే హాఫ్‌మన్ అమోనియాలోని హైడ్రోజన్లను ఒక్కొక్కటిగా మారుస్తూ వరస మొత్తం తయారుచేసి చూపించారు. ఈ పాఠంలో ఆ పేరు మీకు పదేపదే ఎదురయ్యేది అందుకే.

టెర్ట్-బ్యూటైల్ ఆల్కహాల్ టెర్షియరీ కదా, మరి టెర్ట్-బ్యూటైల్ అమైన్ ప్రైమరీ ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న అడగని బ్యాచ్ నాకు ఇంతవరకూ తగల్లేదు. ఆల్కహాళ్లలో, హాలైడ్లలో మనం చూసేది ఆ గుంపును మోస్తున్న కార్బన్ రకం. హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్‌కు మరో మూడు కార్బన్లు అతుక్కుని ఉంటే అది టెర్షియరీ ఆల్కహాల్. ఆక్సిజన్‌కు ఉన్న చేతులు రెండే. ఒకటి హైడ్రోజన్‌కు, ఒకటి కార్బన్‌కు పోతే అక్కడ లెక్కపెట్టడానికి ఇంకేమీ మిగలదు. అందుకే ఆల్కహాళ్ల దగ్గర కార్బన్‌ను చూడాల్సి వచ్చింది.

నైట్రోజన్‌కు మూడు చేతులు. వాటిలో ఎన్నిటికి కార్బన్లు దొరికాయి అన్నదే అమైన్ రకం. టెర్ట్-బ్యూటైల్ అమైన్‌లో నైట్రోజన్‌కు ఒకే కార్బన్, రెండు హైడ్రోజన్లు ఉన్నాయి. ఆ కార్బన్ వెనక మూడు మిథైళ్లు ఉంటే ఉండనివ్వండి, నైట్రోజన్‌కు వాటితో పని లేదు. ఐసోప్రొపైల్ అమైన్, సైక్లోహెక్సైల్ అమైన్ కూడా ఇదే కారణంగా ప్రైమరీలే. పేరులో "టెర్ట్" కనిపించగానే టెర్షియరీ అని గుర్తు పెట్టేవారి కోసమే ఈ ప్రశ్న పేపర్లో పెడతారు.

అనిలిన్‌లో బెంజీన్ వలయం ఉంది. దాన్ని అరోమాటిక్ అనాలా, ప్రైమరీ అనాలా?

రెండూ అనాలి. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. నైట్రోజన్ మీద ఎన్ని కార్బన్లు అన్నది ఒక ప్రశ్న, ఆ కార్బన్ బెంజీన్ వలయంలోదా కాదా అన్నది మరో ప్రశ్న. అనిలిన్ అరోమాటిక్ ప్రైమరీ అమైన్. ఎన్-మిథైల్ అనిలిన్ అరోమాటిక్ సెకండరీ. ఎన్,ఎన్-డైమిథైల్ అనిలిన్ అరోమాటిక్ టెర్షియరీ. డైఫినైల్ అమైన్‌లో వలయాలు రెండు, నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఒకటే కాబట్టి అది సెకండరీ. ఆడా మగా అని అడిగితే నెల్లూరు అని చెప్పినట్టు ఒక ప్రశ్నకు మరో ప్రశ్న జవాబు రాసి మార్కు పోగొట్టుకోవద్దు.

బెంజైల్ అమైన్‌లోనూ వలయం ఉందిగా, దాన్ని అరోమాటిక్ అమైన్ అని ఎందుకు అనరు?

అందులో వలయానికీ నైట్రోజన్‌కూ మధ్య ఒక సీహెచ్2 అడ్డంగా ఉంది. నైట్రోజన్‌లోని ఒంటరి ఎలక్ట్రాన్ జంట (ఏ బంధంలోనూ చేరని రెండు ఎలక్ట్రాన్లు) వలయంలోకి జారడానికి దారి లేదు. అందువల్ల అది ప్రవర్తనలో పూర్తిగా ఎలిఫాటిక్, అంటే నైట్రోజన్ బెంజీన్ వలయానికి నేరుగా అతుక్కోని రకం. తేడా ఎంతో అంకెల్లో చూడండి. పీకేబీ అంటే క్షార బలాన్ని చెప్పే అంకె, అది ఎంత చిన్నదైతే క్షారం అంత బలమైనది. అనిలిన్ పీకేబీ 9.38, బెంజైల్ అమైన్ పీకేబీ 4.70. అంటే క్షార బలంలో బెంజైల్ అమైన్ అమోనియా పక్కన కూర్చుంటుంది, అనిలిన్ ఎక్కడో వెనక ఉంటుంది. నైట్రస్ ఆమ్లంతో చల్లగా కలిపినా బెంజైల్ అమైన్ నైట్రోజన్ బుడగలు వదిలేస్తుంది. అనిలిన్ మాత్రం డయజోనియం లవణంగా నిలబడుతుంది.

నైట్రోజన్‌కు నాలుగు బంధాలు కనిపిస్తే క్వాటర్నరీ అని రాసేయవచ్చా?

తొందరపడవద్దు. ఆ నాలుగూ కార్బన్లేనా అని చూడండి. టెట్రామిథైల్ అమోనియం అయొడైడ్‌లో నాలుగూ కార్బన్లే, కాబట్టి అది క్వాటర్నరీ అమోనియం లవణం. దానికి ఒంటరి జంట లేదు, క్షారంగా ప్రోటాన్‌ను తీసుకోలేదు. అందుకే దాన్ని అమైన్ అనకుండా లవణం అంటాం. మిథైల్ అమోనియం క్లోరైడ్‌లోనూ నైట్రోజన్‌కు నాలుగు బంధాలు ఉంటాయి. కాని వాటిలో మూడు హైడ్రోజన్లు. అది ప్రైమరీ అమైన్‌కు ఆమ్లం కలిస్తే వచ్చిన మామూలు లవణం. సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే మిథైల్ అమైన్ తిరిగి బయటికి వస్తుంది. క్వాటర్నరీ లవణం మీద అదే సోడియం హైడ్రాక్సైడ్ పోసినా అమైన్ అలా తిరిగి రాదు.

యూరియాలో, ఎసిటమైడ్‌లో ఎన్‌హెచ్2 ఉంది కదా, అవి ప్రైమరీ అమైన్లు కావా?

కావు. ఎన్‌హెచ్2 పక్కనే కార్బొనైల్ ఉంటే అది అమైడ్. పొలానికి చల్లే యూరియాలో ఒక కార్బొనైల్‌కు రెండు వైపులా రెండు ఎన్‌హెచ్2లు ఉంటాయి. నైట్రోజన్ ఎలక్ట్రాన్ జంటను కార్బొనైల్ తన వైపు లాక్కుంటుంది కాబట్టి అమైడ్లు దాదాపు తటస్థంగా ఉంటాయి, అమైన్లలా క్షార గుణం చూపవు. అమైడ్లలోనూ ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ ఉంటాయి. ఎసిటమైడ్ ప్రైమరీ అమైడ్ అనడం సరైన మాటే, ప్రైమరీ అమైన్ అనడమే తప్పు. జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ కూడా ఈ అమైడ్ ఇంటిదే.

నైట్రోజన్ వలయంలోనే కూర్చుంటే ఎలా లెక్కపెట్టాలి?

అదే లెక్క. పిపరిడిన్‌లో నైట్రోజన్‌కు అటొక కార్బన్, ఇటొక కార్బన్, ఒక హైడ్రోజన్ ఉన్నాయి. సెకండరీ. పిర్రోల్ కూడా నిర్మాణం ప్రకారం సెకండరీయే. కాని దాని ఒంటరి జంట వలయం అరోమాటిక్ లెక్కలో ఖర్చయిపోయింది కనుక క్షార గుణం లేనట్టే. పిరిడిన్ దగ్గర పిల్లలు ఆగిపోతారు. అక్కడ నైట్రోజన్ మీద హైడ్రోజన్ లేదు, మూడు బంధాలూ కార్బన్ల వైపే పోయాయి, వాటిలో రెండు కలిసి ద్విబంధం అయ్యాయి. కాబట్టి దాన్ని టెర్షియరీ వైపు చేరుస్తారు. అమైనో ఆమ్లాల్లో ప్రోలీన్‌ను ప్రత్యేకంగా అడిగేది కూడా ఇందుకే. మిగతావాటికి ఎన్‌హెచ్2 ఉంటే, ప్రోలీన్ నైట్రోజన్ వలయంలో ఇరుక్కుని సెకండరీ అయింది.

ఒకే అణువులో రెండు నైట్రోజన్లు ఉంటే ఏ రకం అని రాయాలి?

ఒక్కో నైట్రోజన్‌కు విడిగా రాయండి. మొత్తం అణువుకు ఒకే పేరు తగిలించాలని ఎక్కడా లేదు. ఇథిలీన్ డైఅమైన్‌లో రెండూ ప్రైమరీలు.

మంచి ఉదాహరణ మనకు పొలంలోనే ఉంది. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు చేలు చూడని పిల్లలు నా తరగతిలో తక్కువ. ఆ ఆకులోని నికోటిన్‌లో పది కార్బన్లు, పద్నాలుగు హైడ్రోజన్లు, రెండు నైట్రోజన్లు. ఒక నైట్రోజన్ ఆరు కోణాల పిరిడిన్ వలయంలో ఉంది. రెండోది అయిదు కోణాల పిర్రోలిడిన్ వలయంలో, నెత్తిన ఒక మిథైల్ పెట్టుకుని ఉంది. ఈ రెండో నైట్రోజన్‌కు మూడు వైపులా కార్బన్లే కాబట్టి అది ఖచ్చితంగా టెర్షియరీ. రెండింటిలో ఎక్కువ క్షార బలం కూడా దానిదే. ఆకులో నికోటిన్ ఆమ్లాలతో కలిసి లవణంగా ఉంటుంది. నమిలేవాళ్లు పొగాకులో సున్నం ఎందుకు కలుపుతారో ఇప్పుడు ఊహించండి. సున్నం క్షారం, లవణంలోని అమైన్‌ను అది విడుదల చేస్తుంది. తెలియకుండానే మన తాతలు నోట్లో చేసిన రసాయన చర్య అది. మీరు పరీక్షలో రాస్తే చాలు, నోట్లో చేయనక్కరలేదు.

అడ్రినలిన్, బెనడ్రిల్ లాంటి పేర్లు ఇచ్చి రకం అడుగుతున్నారు. ఎలా గుర్తుంచుకోవాలి?

వీటిలో అడిగేవి కొద్దిపాటివే, నిర్మాణం ఒక్కసారి గీసి చూస్తే సరిపోతుంది. అడ్రినలిన్, ఎఫిడ్రిన్ రెండూ సెకండరీలు, రెండింటిలోనూ నైట్రోజన్ మీద ఒక మిథైల్ ఉంటుంది. నార్ అడ్రినలిన్‌లో ఆ మిథైల్ లేదు, కనుక ప్రైమరీ. డోపమైన్ ప్రైమరీ. బెనడ్రిల్ అని పేరుపడిన డైఫెన్‌హైడ్రమైన్ టెర్షియరీ. పళ్ల డాక్టర్లు ఒకప్పుడు తిమ్మిరికి వాడిన నోవొకెయిన్‌లో రెండు నైట్రోజన్లు: వలయం మీదిది ప్రైమరీ, రెండు ఇథైళ్లు ఉన్నది టెర్షియరీ.

## పేర్లు, ఐసోమర్లు

పేరు ముందు "ఎన్" అని ఎందుకు రాస్తారు? అది అంకె కాదు కదా?

అంకె చేసే పనే అది కూడా చేస్తుంది. ఆ గుంపు ప్రధాన గొలుసులోని కార్బన్ మీద కాకుండా నైట్రోజన్ మీద ఉందని చెబుతుంది. ఎన్-మిథైల్ ఇథనమైన్ అంటే ఇథైల్ గొలుసు ఉన్న నైట్రోజన్ మీదే ఒక మిథైల్ కూడా ఉంది, అంటే సెకండరీ. "ఎన్,ఎన్" అని రెండుసార్లు ఉంటే టెర్షియరీ. ఇది రకం చెప్పడానికి అతి సులువైన దారి కూడా: అలాంటి పేరులో ఎన్ లేకపోతే ప్రైమరీ. కాకపోతే ఈ దారి ఐయూపీఏసీ పేర్లకే పనికొస్తుంది. డైఇథైల్ అమైన్ లాంటి వాడుక పేర్లలో ఎన్ కనిపించదు, అయినా అది సెకండరీయే.

మూడు కార్బన్లు, తొమ్మిది హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్. ఎన్ని అమైన్లు వస్తాయి?

నాలుగు. ప్రొపైల్ అమైన్, ఐసోప్రొపైల్ అమైన్ ప్రైమరీలు. ఇథైల్ మిథైల్ అమైన్ సెకండరీ. ట్రైమిథైల్ అమైన్ టెర్షియరీ. మరో కార్బన్ పెంచి నాలుగు కార్బన్లు, పదకొండు హైడ్రోజన్లు అంటే ఎనిమిది వస్తాయి. వాటిలో ప్రైమరీలు నాలుగు, సెకండరీలు మూడు, టెర్షియరీ ఒకటి.

గుడ్డిగా గీయవద్దు, పంపకం చేయండి. నాలుగు కార్బన్లను ఒకే వాటాగా ఇస్తే ప్రైమరీ. బ్యూటైల్ గుంపులు నాలుగు రకాలు కాబట్టి నాలుగు. రెండు వాటాలు చేస్తే మూడు-ఒకటి లేదా రెండు-రెండు. మూడు కార్బన్ల గుంపు రెండు రకాలు కనుక మొత్తం మూడు సెకండరీలు. మూడు వాటాలు చేస్తే రెండు-ఒకటి-ఒకటి, ఇంకో దారి లేదు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పంచితే ఒక్కటీ తప్పిపోదు.

ఏడు కార్బన్లు, తొమ్మిది హైడ్రోజన్లు ఇచ్చి బెంజీన్ వలయం ఉన్న అమైన్లు ఎన్ని అంటే?

అయిదు. ఆర్థో, మెటా, పారా టోలుడిన్లు మూడు, బెంజైల్ అమైన్ ఒకటి, ఎన్-మిథైల్ అనిలిన్ ఒకటి. మొదటి నాలుగూ ప్రైమరీలు, చివరిది సెకండరీ. ఈ ఫార్ములాకు టెర్షియరీ రాదు, ఎందుకంటే వలయానికి ఆరు కార్బన్లు పోతే నైట్రోజన్‌కు పంచడానికి ఒక్కటే మిగులుతుంది.

కొన్ని పుస్తకాల్లో ఎమీన్ అని ఉంది, మీరు అమైన్ అంటారు. ఏది రాయాలి?

ఏది రాసినా మార్కు పోదు. జవాబు పత్రంలో మొదటి నుంచి చివరి వరకూ ఒకటే వాడండి. అమైడ్‌కూ అమైన్‌కూ మధ్య అక్షరం తారుమారు చేస్తే మాత్రం పోతుంది.

## రకాన్ని బట్టి మారే గుణాలు

ఒకే అణుభారం ఉన్నా ప్రైమరీ ఎక్కువ వేడి దగ్గర, టెర్షియరీ తక్కువ వేడి దగ్గర మరుగుతాయి. ఎందుకు?

నైట్రోజన్ మీది హైడ్రోజన్లే కారణం. అవి పక్క అణువులోని నైట్రోజన్‌తో హైడ్రోజన్ బంధం కట్టుకుని అణువులను పట్టి ఉంచుతాయి. ప్రైమరీకి అలాంటి హైడ్రోజన్లు రెండు, సెకండరీకి ఒకటి, టెర్షియరీకి ఒక్కటీ లేదు. నాలుగు కార్బన్ల ఐసోమర్లను (ఫార్ములా ఒకటే, అమరిక వేరు) చూడండి. బ్యూటైల్ అమైన్ సుమారు 351 కెల్విన్ల దగ్గర, డైఇథైల్ అమైన్ 329 దగ్గర, డైమిథైల్ ఇథైల్ అమైన్ 310 దగ్గర మరుగుతాయి. చివరిదాన్ని మన మే నెల ఎండలో మూత తీసి పెడితే సీసా ఖాళీ. అదే గొలుసున్న బ్యూటైల్ ఆల్కహాల్ 390 దాకా పోతుంది, ఎందుకంటే ఆక్సిజన్‌తో కట్టే హైడ్రోజన్ బంధం మరింత గట్టిది.

క్షార బలం వరస మిథైల్‌కు ఒకలా, ఇథైల్‌కు ఒకలా ఉంది. బట్టీ పట్టాలా?

అంకెలు బట్టీ పట్టినా పరవాలేదు, కారణం మాత్రం అర్థం చేసుకోండి. నీటిలో మిథైల్ అమైన్ల వరస: డైమిథైల్, మిథైల్, ట్రైమిథైల్, చివర అమోనియా. ఇథైల్ వరస: డైఇథైల్, ట్రైఇథైల్, ఇథైల్, చివర అమోనియా. ప్రైమరీకి 1, సెకండరీకి 2, టెర్షియరీకి 3 అనుకుని పిల్లలు మిథైల్‌కు 213 అని, ఇథైల్‌కు 231 అని గుర్తుపెట్టుకుంటారు. మంచిదే.

ఇక కారణం. ఆల్కైల్ గుంపులు ఎలక్ట్రాన్లను నైట్రోజన్ వైపు నెడతాయి. గుంపులు పెరిగే కొద్దీ నైట్రోజన్ ప్రోటాన్‌ను మరింత ఇష్టంగా పట్టుకోవాలి. ఆ లెక్కన టెర్షియరీ అన్నిటికన్నా బలమైనది కావాలి. వాయు స్థితిలో నిజంగా అలాగే ఉంటుంది: టెర్షియరీ, సెకండరీ, ప్రైమరీ, అమోనియా. నీటిలోకి దిగగానే మరో బలం రంగంలోకి వస్తుంది. ప్రోటాన్ తీసుకున్న అయాన్‌ను నీటి అణువులు చుట్టుముట్టి నిలబెట్టాలి. అవి పట్టుకునేది నైట్రోజన్ మీది హైడ్రోజన్లనే. ప్రైమరీ అయాన్‌కు అలాంటి పిడులు మూడు, సెకండరీకి రెండు, టెర్షియరీకి ఒక్కటే. పైగా టెర్షియరీ చుట్టూ గుంపులు కిక్కిరిసి నీటిని దగ్గరికి రానివ్వవు. నెట్టే బలం ఒక వైపు, నీటి ఆదరణ మరో వైపు లాగుతుంటే మధ్యలో ఉన్న సెకండరీ రెండు జట్లలోనూ మొదటి స్థానం కొట్టేస్తుంది. రెండో స్థానం దగ్గరే తేడా. ఇథైల్ కొంచెం గట్టిగా నెడుతుంది కాబట్టి అక్కడ టెర్షియరీ ప్రైమరీని దాటుతుంది, మిథైల్ దగ్గర దాటలేదు.

దాటింది కూడా వెంట్రుకవాసి: ట్రైఇథైల్ పీకేబీ 3.25, ఇథైల్ 3.29. మిథైల్ వరసలో 3.27, 3.38, 4.22, అమోనియాకు 4.75.

పీకేబీ ఎక్కువ ఉంటే బలమైన క్షారమేగా?

కాదు, తిరగబడుతుంది. పీకేబీ తగ్గే కొద్దీ క్షార బలం పెరుగుతుంది. పరీక్షలో మొదటి ర్యాంకు అంటే చిన్న అంకె, అలా అనుకోండి. డైఇథైల్ అమైన్‌కు 3.00, అనిలిన్‌కు 9.38. మొదటిది చాలా బలమైనది. ప్రశ్నలో కేబీ ఇచ్చారా, పీకేబీ ఇచ్చారా అని ఆ "పీ" అక్షరం కింద గీత గీసుకోండి.

చేపల వాసన ట్రైమిథైల్ అమైన్ వల్ల అంటారు. నిజమేనా?

నిజమే. సముద్రపు చేపల కండలో ట్రైమిథైల్ అమైన్ ఆక్సైడ్ అనే వాసన లేని పదార్థం ఉంటుంది. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైల్ అమైన్‌గా మారుస్తుంది. అది సుమారు 3 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగే పదార్థం, కాబట్టి మామూలు గాలిలో ఆవిరై ముక్కుకు తగులుతుంది. చెరువు బొచ్చెలో ఆ ఆక్సైడ్ చాలా తక్కువ, కనుక వంజరం పాడైనప్పుడు కొట్టే ఆ వాసన బొచ్చెకు ఆ తీరున రాదు.

ఇక్కడే మన నెల్లూరు చేపల పులుసు కెమిస్ట్రీ ఉంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది, పుల్ల మామిడి ముక్కలు వేస్తే మరికొంత ఆమ్లం తోడవుతుంది. అమైన్ క్షారం, పులుసు ఆమ్లం. రెండూ కలిస్తే లవణం. లవణం ఆవిరి కాదు, ముక్కు దాకా రాదు. టెర్షియరీ అమైన్‌కు హైడ్రోజన్ లేకపోయినా ఒంటరి జంట ఉంది కనుక ఆమ్లంతో లవణం ఇస్తుందని ఇంతకన్నా రుచిగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

నైట్రోజన్ మీద మూడు వేర్వేరు గుంపులు ఉంటే అది కైరల్ (అద్దంలో బొమ్మతో కలవనిది) అవుతుందా?

కాగితం మీద అవుతుంది, సీసాలో నిలవదు. ఒంటరి జంటను నాలుగో గుంపుగా లెక్కవేస్తే నాలుగూ వేర్వేరే. కాని గాలికి గొడుగు తిరగబడినట్టు ఆ అణువు సెకనుకు కోట్ల సార్లు అటూ ఇటూ తిరగబడుతూ ఉంటుంది. అందుకే సాధారణ అమైన్లలో రెండు రూపాలను విడదీయలేం. నాలుగు వేర్వేరు కార్బన్ గుంపులున్న క్వాటర్నరీ లవణం తిరగబడలేదు, దాన్ని విడదీయవచ్చు.

## ల్యాబ్‌లో పోల్చుకోవడం

హిన్స్‌బర్గ్ పరీక్షలో మూడు రకాలు ఎలా విడిపోతాయి?

కారకం బెంజీన్ సల్ఫొనైల్ క్లోరైడ్. హిన్స్‌బర్గ్ ఈ పద్ధతిని 1890లో చెప్పారు. ఇప్పుడు దాని బదులు పారా-టోలుయిన్ సల్ఫొనైల్ క్లోరైడ్‌ను ఎక్కువగా వాడుతున్నారు. అమైన్‌కు కారకాన్ని, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని ఎక్కువగా కలిపి బాగా కుదపాలి.

ప్రైమరీ అమైన్ ఇచ్చే సల్ఫొనమైడ్‌లో నైట్రోజన్ మీద ఇంకా ఒక హైడ్రోజన్ మిగిలి ఉంటుంది. పక్కనున్న సల్ఫొనైల్ ఎలక్ట్రాన్లను బలంగా లాగడంతో ఆ హైడ్రోజన్ ఆమ్ల గుణం పొందుతుంది. అందుకే క్షారంలో కరిగిపోతుంది, ద్రావణం తేటగా ఉంటుంది. తర్వాత ఆమ్లం పోస్తే అవక్షేపం తిరిగి కనిపిస్తుంది. సెకండరీ అమైన్ కూడా చర్య జరుపుతుంది, కాని దాని సల్ఫొనమైడ్‌లో నైట్రోజన్ మీద హైడ్రోజన్ మిగలదు. క్షారంలో కరగకుండా ఘనంగా ఉండిపోతుంది, ఆమ్లం పోసినా కరగదు. టెర్షియరీకి మార్చుకోవడానికి హైడ్రోజనే లేదు కనుక సల్ఫొనమైడ్ రాదు. అది నూనెలా తేలుతూ ఉండి, ఆమ్లం పోస్తే లవణంగా మారి కరుగుతుంది.

జవాబు పత్రాల్లో నేను చూసే తప్పు ఒక్కటే: "సెకండరీ అమైన్ చర్య జరపదు" అని రాయడం. చర్య జరుగుతుంది, వచ్చినది కరగదు. ఈ రెండూ ఒకటి కాదు. సెకండరీకీ టెర్షియరీకీ క్షారంలో కరగకపోవడం ఉమ్మడి లక్షణమే కాబట్టి, ఆమ్లం పోసే చివరి మెట్టు రాయకపోతే జవాబు సగమే.

కార్బైలమైన్ పరీక్ష ఏ రకానికి వస్తుంది? సమీకరణం ఎప్పుడూ తూగడం లేదు.

ప్రైమరీలకు మాత్రమే. ఎలిఫాటిక్ అయినా అరోమాటిక్ అయినా వస్తుంది. అమైన్‌ను క్లోరోఫామ్, ఆల్కహాలులో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేస్తే ఐసోసయనైడ్ వస్తుంది, భరించలేని దుర్వాసన. సమీకరణం తూగకపోవడానికి కారణం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒకటే వేయడం. మూడు వేయండి. క్లోరోఫామ్‌లోని మూడు క్లోరిన్లను పట్టుకుపోవడానికి మూడు పొటాషియంలు కావాలి. కుడి వైపు మూడు పొటాషియం క్లోరైడ్లు, మూడు నీటి అణువులు వస్తాయి. ఐసోసయనైడ్ విషం కూడా, కాబట్టి ల్యాబ్‌లో ముక్కు దగ్గర పెట్టుకుని నిర్ధారించుకోవద్దు. అది దానంతటదే మీ దగ్గరికి వస్తుంది.

నైట్రస్ ఆమ్లంతో ఏ రకం ఏమి ఇస్తుంది?

సోడియం నైట్రైట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. ఎలిఫాటిక్ ప్రైమరీ అయితే నైట్రోజన్ వాయువు బుసబుసా పొంగుతుంది, ఆల్కహాల్ మిగులుతుంది. అరోమాటిక్ ప్రైమరీ అయితే 273 నుంచి 278 కెల్విన్ల మధ్య డయజోనియం లవణం వస్తుంది. దానికి క్షారంలో కరిగించిన బీటా-నాఫ్తాల్ కలిపితే నారింజ ఎరుపు రంగు దిగుతుంది. సెకండరీలు పసుపు పచ్చని నూనె లాంటి నైట్రోసమైన్ ఇస్తాయి. ఎలిఫాటిక్ టెర్షియరీలు లవణంగా కరిగిపోతాయి. ఎన్,ఎన్-డైమిథైల్ అనిలిన్‌కు పారా స్థానంలో నైట్రోసో గుంపు చేరి ఆకుపచ్చ పదార్థం వస్తుంది.

రంగు రాలేదని ప్రాక్టికల్స్‌లో కంగారు పడే పిల్లల్లో చాలామంది ఐసు విషయంలో పిసినారితనం చేసినవాళ్లే. ద్రావణం వేడెక్కితే డయజోనియం విడిపోయి ఫినాల్ అవుతుంది.

## తయారీ పద్ధతులు

గేబ్రియల్ పద్ధతిలో అనిలిన్ ఎందుకు రాదు?

ఆ పద్ధతిలో పొటాషియం థాలిమైడ్ వెళ్లి ఆల్కైల్ హాలైడ్‌లోని హాలోజన్‌ను తోసేసి దాని చోట కూర్చోవాలి. క్లోరోబెంజీన్‌లో హాలోజన్ వలయానికి గట్టిగా అతుక్కుని ఉంటుంది, మామూలు పరిస్థితుల్లో కదలదు. అందుకే అనిలిన్ రాదు. 1887లో గేబ్రియల్ చెప్పిన ఈ దారి విలువ మరోచోట ఉంది: ఎలిఫాటిక్ ప్రైమరీ అమైన్ మాత్రమే వస్తుంది, సెకండరీ, టెర్షియరీ కల్తీ ఉండదు. థాలిమైడ్ నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఒక్కటే కాబట్టి ఒక్క ఆల్కైల్ గుంపే ఎక్కగలదు.

అమోనియాను, ఆల్కైల్ హాలైడ్‌ను కలిపితే ప్రైమరీ అమైన్ ఒక్కటే ఎందుకు రాదు?

వచ్చిన ప్రైమరీ అమైన్ చేతులు ముడుచుకుని కూర్చోదు. అది అమోనియా కన్నా బలమైన న్యూక్లియోఫైల్ (ఎలక్ట్రాన్ జంట ఇచ్చి బంధం కట్టేది), మిగిలిన హాలైడ్ మీదికి తానే వెళుతుంది. సెకండరీ, టెర్షియరీ, చివరికి క్వాటర్నరీ లవణం దాకా అన్నీ కలగాపులగంగా వస్తాయి. అమోనియాను చాలా ఎక్కువగా తీసుకుంటే ప్రైమరీ వాటా పెరుగుతుంది.

సయనైడ్ క్షయకరణం, ఐసోసయనైడ్ క్షయకరణం, బ్రోమమైడ్ చర్య: ఏది ఏ రకం ఇస్తుంది?

సయనైడ్‌లో కార్బన్ గొలుసుకు అతుక్కుని ఉంది, నైట్రోజన్ చివర ఉంది. క్షయకరణం చేస్తే (హైడ్రోజన్ చేరిస్తే) ఒక కార్బన్ పెరిగిన ప్రైమరీ అమైన్. ఐసోసయనైడ్‌లో నైట్రోజన్ మధ్యలో ఉండి రెండు పక్కలా కార్బన్లు ఉంటాయి. క్షయకరణం చేస్తే ఒక పక్క మిథైల్‌గా మారి సెకండరీ అమైన్. మిథైల్ ఐసోసయనైడ్ ఇచ్చేది డైమిథైల్ అమైన్. హాఫ్‌మన్ బ్రోమమైడ్ చర్యలో అమైడ్ తన కార్బొనైల్ కార్బన్‌ను వదులుకుని ఒక కార్బన్ తగ్గిన ప్రైమరీ అమైన్ అవుతుంది. ఎసిటమైడ్ నుంచి మిథైల్ అమైన్, బెంజమైడ్ నుంచి అనిలిన్. ఈ బ్రోమమైడ్ సమీకరణం తూగాలంటే సోడియం హైడ్రాక్సైడ్ నాలుగు వేయాలి.

## పరీక్ష హాలులో, బయట

ఏ రకమో తేల్చుకోలేకపోతే ఊహించి పెట్టవచ్చా?

ఈఏపీసెట్‌లో తప్పుకు మార్కు కోత లేదు, ఖాళీ వదలవద్దు. నీట్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది. ఎక్కడైనా సరే, ఊహించే ముందు పేరును నిర్మాణంగా గీయండి. పేరు చదివి రకం చెప్పినవాళ్లు తప్పుతారు, గీసి లెక్కపెట్టినవాళ్లు తప్పడం నేను అరుదుగా చూశాను. గీసేటప్పుడు నైట్రోజన్ మీద ఒంటరి జంటను రెండు చుక్కలుగా పెట్టండి. ఆ చుక్కలకు చోటు లేకపోతే మీ ముందున్నది అమైన్ కాదు, అమోనియం అయాన్.

చేపలు ముట్టుకున్నాక సబ్బుతో ఎంత కడిగినా వాసన పోవడం లేదు. ల్యాబ్‌లో అమైన్ అంటినా ఇంతేనా?

సబ్బు నీళ్లు కొద్దిగా క్షారంగా ఉంటాయి. అమైన్ కూడా క్షారమే కాబట్టి సబ్బు దాన్ని లవణంగా మార్చలేదు. ముందు నిమ్మచెక్కతోనో కాస్త చింతపండు రసంతోనో రుద్దితే అమైన్ లవణమై నీటిలో కరుగుతుంది, అప్పుడు నీళ్లతో కడిగేస్తే పోతుంది. అనిలిన్ ఒలికితే మాత్రం నిమ్మకాయ కోసం వెతకవద్దు. అది చర్మం గుండా ఒంట్లోకి దిగి, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. ఆ క్షణమే ధారగా నీళ్లు, సబ్బు పెట్టి కడిగి, తడిసిన బట్టలు తీసేసి, ల్యాబ్‌లో ఉన్న మాస్టారికి చెప్పండి.